ఐదో హ్యారీ పాటర్ పుస్తకం కొనండి, నెవిల్ కోసం కొనండి

హ్యారీ పాటర్ అండ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్, ఇంగ్లీష్ పేపర్‌బ్యాక్. నా రేటింగ్ 5కి 4.5. అర స్టార్ ఎందుకు తగ్గించానో కింద చెప్తా. ముందే చెప్పేస్తున్నా, ఇందులో స్పాయిలర్స్ ఫుల్లుగా ఉన్నాయి, ఈ పుస్తకానివే కాదు ఏడో పుస్తకానివి కూడా, కథ అస్సలు తెలియనివాళ్లు ఇక్కడే ఆపేసి డైరెక్ట్‌గా మొదటి పుస్తకంతో మొదలుపెట్టండి.

సినిమాలు అన్నీ చూసేశాం కదా ఇంక 700 పేజీలు దాటిన ఈ లావు పుస్తకం ఎందుకు అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. ఎందుకంటే 2007లో వచ్చిన సినిమాలో పూర్తిగా వదిలేసిన విషయం ఒకటి ఇందులో ఉంది, అది తెలిశాక మొత్తం కథే వేరేలా కనిపిస్తుంది. విషయం ఏంటంటే, దుష్ట మంత్రగాడు వోల్డెమార్ట్‌ని ఓడించేవాడు ఒకడు పుడతాడనే ఆ జోస్యం హ్యారీ ఒక్కడికే సరిపోయేది కాదు. నెవిల్ లాంగ్‌బాటమ్‌కి కూడా అక్షరాలా సరిపోతుంది. అవును, ఎప్పుడూ కప్పని పోగొట్టుకునే ఆ పిల్లాడే, పాస్‌వర్డ్ గుర్తులేక కామన్ రూమ్ బయట నిలబడే పిల్లాడే.

37వ చాప్టర్‌లో హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ ఇది విప్పి చెప్తాడు. హ్యారీ పుట్టకముందు, హాగ్స్ హెడ్ అనే సత్రంలో ట్రిలానీని ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తున్నప్పుడు ఆమె నోటి నుంచి జోస్యం వస్తుంది. చీకటి ప్రభువుని, అంటే వోల్డెమార్ట్‌ని, ఓడించే శక్తి ఉన్నవాడు రాబోతున్నాడు, ఏడో నెల చివర్లో పుడతాడు, వాళ్ల అమ్మానాన్నలు ఆ ప్రభువుని మూడుసార్లు ఎదిరించి ఉంటారు అని. 1980 జూలై చివర్లో అలా పుట్టినవాళ్లు ఇద్దరు, 30న నెవిల్, 31న హ్యారీ. ఇద్దరి అమ్మానాన్నలూ వోల్డెమార్ట్ మీద పోరాడే రహస్య బృందం ఆర్డర్‌లో పనిచేసినవాళ్లే, ఇద్దరి వాళ్లూ మూడేసి సార్లు వోల్డెమార్ట్ చేతిలోంచి తప్పించుకున్నవాళ్లే. మరి హ్యారీయే ఎందుకు అంటే, జోస్యంలో ఇంకో ముక్క ఉంది, ఆ ప్రభువే వాడిని తనకి సమానంగా గుర్తు పెడతాడు అని. అంటే ఎవరు అనేది తేల్చింది ఆకాశంలో గ్రహాలు కాదు, శత్రువు! వోల్డెమార్ట్ ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటి పిల్లాడు అవుతాడు. వాడు తనలాగే మిశ్రమ రక్తం ఉన్న హ్యారీ ఇంటికి వెళ్లాడు, శుద్ధ రక్తం అని వాడే గొప్పగా చెప్పుకునే కుటుంబంలో పుట్టిన నెవిల్ దగ్గరికి వెళ్లలేదు. శుద్ధ రక్తం గురించి అంత రచ్చ చేసినవాడు, తనకి నిజంగా ప్రమాదం ఎవరి నుంచి వస్తుంది అని ఆలోచించాల్సి వచ్చినప్పుడు మాత్రం తనలాంటివాడినే చూసి భయపడ్డాడు. రౌలింగ్ ఈ సిరీస్ మొత్తంలో వేసిన అతి తెలివైన ముడి నా దృష్టిలో ఇదే.

మీరు చదివేటప్పుడు 34వ చాప్టర్‌లో ఒక చిన్న డీటెయిల్ దగ్గర ఆగండి. మంత్రగాళ్ల ప్రభుత్వ ఆఫీసు, అంటే మినిస్ట్రీ, కింద జోస్యాలు దాచే హాల్లో 97వ వరసలో గాజు గోళం దొరుకుతుంది కదా, దాని లేబుల్ మీద హ్యారీ పేరుకి ముందు బ్రాకెట్‌లో ఒక క్వశ్చన్ మార్క్ ఉంటుంది. మొదటిసారి చదివేవాళ్లు ఎవరైనా దాన్ని దాటేసి వెళ్లిపోతారు, అక్కడ సీన్ అంత టెన్షన్‌గా ఉంటుంది మరి. తర్వాత డంబుల్‌డోర్ చెప్పే మాటల్లో అర్థం అవుతుంది, ఆ పేరు ముందు నుంచీ రాసి ఉన్నది కాదు, వోల్డెమార్ట్ హ్యారీ మీద దాడి చేశాక, ఓహో ఇతనే అయ్యుంటాడు అని ఆఫీసు వాళ్లు లేబుల్ మార్చి రాశారు. అప్పుడు కూడా పూర్తి నమ్మకం లేక క్వశ్చన్ మార్క్ పెట్టారు! పేరు రాసేటప్పుడు గోళం పక్కనే ఇంకో పిల్లాడి పేరు కూడా పట్టేంత చోటు ఉంది అన్నట్టు అనిపించింది నాకు.

మన జానపద కథల్లో రాజకొడుకు పక్కన మంత్రికొడుకు ఎప్పుడూ ఉంటాడు చూడండి, కలిసి చదువుకుంటారు, కలిసి అడవికి వెళ్తారు, కానీ కథ ఎవరిది అంటే పుట్టుకతోనే తేలిపోయి ఉంటుంది, మంత్రికొడుకు ఎంత తెలివైనవాడైనా చివర్లో రాజకుమారి చెల్లెలో చెలికత్తెనో ఇచ్చి పెళ్లి చేసి సరిపెడతారు. నెవిల్ విషయం అలా కాదు. ఇక్కడ ఇద్దరూ ఒకే గీత మీద నిలబడ్డారు, ఒకడి నుదుటి మీద మచ్చ పడింది, ఇంకొకడికి పడలేదు. కానీ మచ్చ పడనివాడి ఇల్లు మాత్రం క్షేమంగా ఉందా అంటే అదీ లేదు, ఈ పుస్తకం గొప్పతనం అంతా అక్కడే.

23వ చాప్టర్ గురించి చెప్పకుండా ఈ పుస్తకం రివ్యూ రాయడం నా వల్ల కాదు. క్రిస్మస్ టైంలో హ్యారీ వాళ్లు సెయింట్ మంగోస్ ఆసుపత్రికి వెళ్తారు, అనుకోకుండా మంత్రాల వల్ల మతి దెబ్బతిన్న వాళ్లని ఉంచే వార్డులోకి వెళ్లిపోతారు, అక్కడ కర్టెన్ వెనకాల నుంచి నెవిల్, వాళ్ల నానమ్మ బయటికి వస్తారు. లోపల ఉన్నది నెవిల్ అమ్మానాన్నలు ఫ్రాంక్, ఆలిస్ లాంగ్‌బాటమ్, ఇద్దరూ ఆరర్లు, అంటే చీకటి మంత్రగాళ్లని పట్టుకునే వాళ్లు. వోల్డెమార్ట్ మాయమైపోయాక వాడు ఎక్కడున్నాడో చెప్పమని వాడి అనుచరురాలు బెలట్రిక్స్ గ్యాంగ్ వీళ్లని క్రూషియాటస్ శాపంతో మతి పోయేదాకా హింసించింది. అప్పటికి నెవిల్ పసివాడు. హ్యారీకి అమ్మానాన్నలు లేరని ప్రపంచం అంతా తెలుసు, వీధిలో ఎదురైనవాళ్లు చేతులు పట్టుకుని ఊపుతారు. నెవిల్ వాళ్ల అమ్మ బతికే ఉంది, కానీ కొడుకు ఎవరో ఆమెకి తెలియదు, ఈ సంగతి వాడు స్కూల్లో ఫ్రెండ్స్‌కి ఎవరికీ చెప్పలేదు. ఆ సీన్లో ఆమె నడుచుకుంటూ వచ్చి కొడుకు చేతిలో ఏదో పెడుతుంది, చూస్తే బబుల్‌గమ్ చుట్టే కాయితం. చెత్తబుట్టలో వెయ్యి నాన్నా, నీ గది గోడలన్నీ అంటించేన్ని ఇచ్చి ఉంటుంది ఇప్పటికి అన్నట్టు మాట్లాడుతుంది నానమ్మ. నెవిల్ మాత్రం ఎవరూ చూడట్లేదు అనుకుని దాన్ని జేబులో పెట్టుకుంటాడు. రచయిత్రి అక్కడ ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయలేదు, ఏడవమని పాఠకుడికి చెప్పలేదు, చాలా పుస్తకాలు చదివాను కానీ ఇంత తక్కువ మాటల్లో ఇంత బరువు పెట్టిన సీన్లు నేను చదివినవి బాగా తక్కువ.

ఇంకో విషయం గమనించండి, ఆ వార్డు సీన్‌కి చాలా ముందే, మాల్ఫాయ్ హ్యారీని ఏడిపిస్తూ మతి చెడినవాళ్లకి సెయింట్ మంగోస్‌లో స్పెషల్ వార్డు ఉందిలే అని వెక్కిరిస్తే, నెవిల్ ఒక్కసారిగా మీద పడిపోబోతాడు, హ్యారీ, రాన్ కలిసి వాడిని గట్టిగా పట్టుకుని ఆపాల్సి వస్తుంది. ఇంత మెతక పిల్లాడికి అంత కోపం ఏంటి అని రాన్‌కి అర్థం కాదు. డంబుల్‌డోర్ నాలుగో పుస్తకంలోనే చెప్పి ఉన్నాడు కాబట్టి హ్యారీకి తెలుసు, కానీ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు. ఈ పుస్తకాన్ని రెండోసారి చదివినప్పుడు ఇలాంటివి ఒక్కొక్కటీ బయటపడుతుంటే కొన్న డబ్బులకి డబుల్ వచ్చినట్టు ఉంటుంది.

నాలుగో పుస్తకం అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పాలి. అందులో మూడీ అనే టీచర్ వేషంలో ఉన్నవాడు క్లాసులో సాలీడు మీద క్రూషియాటస్ చేసి చూపించి, నెవిల్ వణికిపోతుంటే తన గదికి పిలిచి టీ ఇచ్చి, నీళ్లలో పెరిగే మొక్కల పుస్తకం ఒకటి ఇస్తాడు. వాడు బార్టీ క్రౌచ్ జూనియర్, నెవిల్ అమ్మానాన్నలని హింసించిన కేసులో శిక్ష పడినవాళ్లలో ఒకడు! ఆ పుస్తకం ఇవ్వడం కూడా ప్రేమతో కాదు, హ్యారీకి పోటీలోని రెండో టాస్క్‌లో నీళ్లలో ఊపిరి పీల్చడానికి కావాల్సిన గిల్లీవీడ్ మొక్క గురించి అందులో ఉంది, హ్యారీ ఎలాగూ నెవిల్‌ని అడుగుతాడు అని వాడి ప్లాన్. హ్యారీ అడగలేదు. పక్క మంచం మీద పడుకునే స్నేహితుడి దగ్గర సమాధానం ఉంటే లైబ్రరీ మొత్తం తిరగేశాడు కానీ నెవిల్‌ని అడగాలని తట్టలేదు. సినిమాలో గిల్లీవీడ్ నెవిల్ చేతే ఇప్పించారు, చూడటానికి బాగానే ఉంది కానీ, వీడిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు అనే అసలు పాయింట్ అక్కడ పోయింది.

ఐదో పుస్తకానికి వస్తే, అంబ్రిడ్జ్ మేడమ్ డిఫెన్స్ పాఠాలు సరిగ్గా చెప్పకపోతే పిల్లలే దొంగచాటుగా డీఏ అని క్లాస్ పెట్టుకుంటారు కదా, అందులో నెవిల్ మొదట్లో మామూలుగానే తడబడుతుంటాడు. జనవరిలో అజ్కబాన్ జైలు నుంచి పదిమంది తప్పించుకుంటారు, వాళ్లలో బెలట్రిక్స్ ఉంటుంది. అప్పటి నుంచి పిల్లాడు మారిపోతాడు. మాట్లాడడు, ఎవరితోనూ దాని గురించి చర్చించడు, పళ్లు బిగించి ప్రాక్టీస్ చేస్తూనే ఉంటాడు, షీల్డ్ చార్మ్ అయితే హెర్మయనీ ఒక్కతే వాడికంటే ముందు నేర్చుకుంటుంది. ఇదంతా పేజీన్నర కూడా ఉండదు, కానీ నెవిల్ కథలో టర్నింగ్ పాయింట్ అదే. చేతిలో మంత్రదండం కూడా వాడిది కాదు, వాళ్ల నాన్నది. ఆ ప్రపంచంలో దండం మనిషికి సెట్ అవ్వాలి కదా, ఐదేళ్లుగా వేరేవాళ్ల దండంతో మంత్రాలు వేస్తూ, నీకు చేతకాదు అనిపించుకుంటున్నాడు. ఆరో పుస్తకంలో సొంత దండం కొనుక్కుంటాడు, చెర్రీ కర్ర, యూనికార్న్ వెంట్రుక.

ఇక క్లైమాక్స్, 35వ చాప్టర్. మినిస్ట్రీకి వెళ్లేటప్పుడు హ్యారీ నెవిల్‌ని, జినీని, లూనాని వద్దంటాడు, అప్పుడు నెవిల్ అడ్డం తిరుగుతాడు, డీఏ పెట్టుకున్నదే వోల్డెమార్ట్‌తో పోరాడటానికి కదా, లేక అదంతా ఆటేనా అన్నట్టు. సరే వెళ్తారు, ఫైట్ అవుతుంది, ఒక్కొక్కరూ పడిపోతుంటారు, హెర్మయనీ స్పృహ తప్పుతుంది, రాన్ మతి తిరిగిపోతుంది, జినీకి మడమ విరుగుతుంది, లూనా ఎగిరి పడుతుంది. ఆర్డర్ వాళ్లు వచ్చేదాకా లేచి నిలబడింది ఇద్దరే, హ్యారీ, నెవిల్. జోస్యం సరిపోయే ఇద్దరు పిల్లలు! అప్పటికి మనకి ఈ సంగతి ఇంకా తెలియదు, రెండు చాప్టర్ల తర్వాత తెలుస్తుంది, తెలిశాక వెనక్కి వచ్చి ఈ పేజీలు మళ్లీ చదవండి. నెవిల్ ముక్కు విరిగిపోయి ఉంటుంది, నాన్న దండం కూడా విరిగిపోయి ఉంటుంది. బెలట్రిక్స్, మీ అమ్మానాన్నలతో నాకు పరిచయం ఉంది అని చెప్పి, అదే శాపం వాడి మీద వేయడానికి దగ్గరికి వస్తుంది. వాడు, విరిగిన ముక్కుతో మాట సరిగ్గా రాకపోయినా, ఇవ్వొద్దు హ్యారీ అని అరుస్తాడు, ఆ వెంటనే శాపం వాడి మీద పడుతుంది. ఏది ఇవ్వొద్దంటున్నాడు? ఆ గోళం. తన గురించి కూడా అయ్యుండగలిగిన జోస్యం ఉన్న గోళం. వాడికా సంగతి తెలియదు.

తర్వాత హ్యారీ దాన్ని నెవిల్ వైపు విసిరితే నెవిలే పట్టుకుంటాడు, జేబులో పెట్టుకుంటాడు, హ్యారీ వాడిని మెట్ల మీదకి లాగుతుంటే బట్టలు చిరిగి గోళం జారి పడుతుంది, శాపం వల్ల అదుపు లేకుండా ఆడుతున్న నెవిల్ కాలు తగిలి అది ఎగిరి పగిలిపోతుంది. లోపలి నుంచి ఒక ఆకారం లేచి మాట్లాడుతుంది, కానీ ఆ గోలలో ఒక్క మాట కూడా ఎవరికీ వినపడదు. నెవిల్ సారీ చెప్తాడు హ్యారీకి! సినిమాలో ఇదంతా తీసేసి గోళం లూసియస్ మాల్ఫాయ్ చేతిలోంచి జారి పగిలినట్టు చూపించారు. 138 నిమిషాల్లో ఇంత లావు పుస్తకం కుదించాలంటే కోతలు తప్పవు, ఒప్పుకుంటా, కానీ ఆసుపత్రి సీన్ పోయింది, జోస్యంలో నెవిల్ సంగతి పోయింది, గోళం కూడా వాడి కాలికి తగలకుండా పోయింది. మాథ్యూ లూయిస్ ఆ రోల్‌లో చాలా బాగా చేశాడు, అమ్మానాన్నల గురించి ఫోటో చూపించి చెప్పే సీన్ ఒకటి పెట్టారు, అదీ బాగుంటుంది, కానీ పుస్తకం చదివినవాళ్లకి ఆకలి తీరదు.

ఇప్పుడు ఫ్యాన్స్ దగ్గర తరచూ వినపడే మాట ఒకటి, వోల్డెమార్ట్ నెవిల్ ఇంటికి వెళ్లి ఉంటే నెవిల్ హీరో అయ్యేవాడు అని. నేను దీనితో పూర్తిగా ఒప్పుకోను. హ్యారీ బతికింది వాళ్లమ్మ ప్రాణం అడ్డుపెట్టడం వల్ల, ఆమెకి పక్కకి తప్పుకునే అవకాశం దొరికినా తప్పుకోకపోవడం వల్ల. ఆ అవకాశం ఎందుకు దొరికింది అంటే అప్పట్లో వోల్డెమార్ట్ మనిషి, తర్వాత ఈ పిల్లలకి టీచర్ అయిన స్నేప్ ఆమెని వదిలేయమని వోల్డెమార్ట్‌ని బతిమాలాడు కాబట్టి, ఇది ఏడో పుస్తకంలో తెలుస్తుంది. ఆలిస్ కోసం ఎవరు బతిమాలతారు? ఆమె కూడా కొడుక్కి అడ్డం పడేదే, అందులో నాకు ఏ అనుమానం లేదు, కానీ ఆమెని తప్పుకోమని అడిగేవాడే ఉండడు, అడగకుండా చంపేస్తాడు, అప్పుడు ఆ రక్షణ పుట్టదేమో, పిల్లాడు కూడా మిగలడేమో. అందుకే ఇంకో హీరో అనే మాట నెవిల్‌కి పైపైన చూస్తే ఎంత సరిపోతుందో లోతుగా చూస్తే అంత సులువు కాదు. ఇలా ఆలోచిస్తే ఇంకోటి కూడా గుర్తొస్తుంది, జోస్యంలో మొదటి సగం చాటుగా విని వోల్డెమార్ట్‌కి చేరవేసిందీ స్నేపే, తర్వాత క్లాసులో ఈ ఇద్దరు పిల్లలనే అందరికంటే ఎక్కువ వేధించిందీ స్నేపే. మూడో పుస్తకంలో నెవిల్‌కి ప్రపంచంలో అన్నిటికంటే భయం ఏంటి అంటే స్నేప్ అని వస్తుంది చూడండి.

సరే, అర స్టార్ ఎందుకు తీశాను. ఒకటి, మొదటి మూడో వంతు నెమ్మది. గ్రిమ్మాల్డ్ ప్లేస్‌లో ఇల్లు శుభ్రం చేసే పేజీలు, చాలా తర్వాత వచ్చే హాగ్రిడ్ తమ్ముడు గ్రాప్ భాగం, ఇవి తగ్గించి ఉంటే బాగుండేది. హ్యారీ కోపం కూడా కొంతమందికి విసుగు తెప్పిస్తుంది, నాకు మాత్రం ఆ వయసు పిల్లాడు అంత చూశాక అలాగే ఉంటాడు అనిపించింది. రెండోది నాకు నిజంగా బాధ అనిపించింది, జోస్యం సంగతి తెలిశాక కూడా ఎవరూ నెవిల్‌కి చెప్పరు. ఆరో పుస్తకంలో రైల్లో హ్యారీ వాడిని చూసి, తన తలరాతకి ఎంత దగ్గరగా వచ్చి తప్పిపోయాడో వీడికి తెలియదు కదా అనుకుంటాడు, అంతే, తర్వాత ఏడో పుస్తకం ముగిసేదాకా ఆ మాట వాళ్లిద్దరి మధ్య రాదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే ఒక్క సీన్ రాసి ఉంటే ఎంత బాగుండేది! చెప్పకపోవడమే సరైనది అనేవాళ్లు ఉన్నారు, ఏడో పుస్తకంలో వాడు మంటల్లో ఉన్న టోపీలోంచి కత్తి తీసి పాముని నరికేది ఏ జోస్యం చెప్పిందనో కాదు, వాడంతట వాడే చేశాడు అని వాళ్ల వాదన. బలమైన వాదనే. అయినా ఆ పిల్లాడికి ఆ సంగతి తెలుసుకునే హక్కు ఉంది అనే నేను అంటా.

పుస్తకం వస్తువుగా ఎలా ఉంది అంటే, 2003 జూన్‌లో మొదట వచ్చింది, సిరీస్‌లో అన్నిటికంటే పెద్దది, 38 చాప్టర్లు, 2.5 లక్షల పైచిలుకు ఇంగ్లీష్ పదాలు. పేపర్‌బ్యాక్ లావుగా ఉంటుంది కాబట్టి పడుకుని ఒక చేత్తో పట్టుకుని చదవడం కష్టం, మధ్యలోకి బాగా విప్పితే వెన్ను మీద గీతలు పడతాయి, కొంచెం జాగ్రత్తగా వాడండి. పిల్లలకి కొనేవాళ్లు హార్డ్‌బ్యాక్ దొరికితే అదే తీస్కోండి, చేతులు మారినా నిలుస్తుంది. ఇంగ్లీష్ విషయానికొస్తే, తెలుగు మీడియంలో చదివినవాళ్లు కూడా మొదటి నాలుగు పుస్తకాలు దాటాక దీన్ని హాయిగా చదవగలరు, మంత్రాల పేర్లు, మొక్కల పేర్లు కొత్తగా ఉంటాయి కానీ వాటికి డిక్షనరీ అక్కర్లేదు, సందర్భంలో తెలిసిపోతాయి. కష్టం అనిపించేది నెవిల్ ముక్కు విరిగాక మాట్లాడే డైలాగులే, అక్షరాలు మార్చి రాశారు, బయటికి గట్టిగా చదివితే వెంటనే అర్థమవుతాయి.

వరస మాత్రం తప్పించకండి. డైరెక్ట్‌గా ఐదోది కొని నెవిల్ పేజీలు మాత్రమే చదువుదాం అంటే పని జరగదు. మొదటి పుస్తకం చివర్లో హౌస్ కప్ పాయింట్లు 472 దగ్గర సమం అయినప్పుడు, స్నేహితులకి అడ్డం నిలబడినందుకు నెవిల్‌కి ఇచ్చే ఆ 10 పాయింట్లు చదివి ఉంటేనే, మినిస్ట్రీలో వాడు హ్యారీ మాటకి ఎదురు చెప్పడం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇప్పటికే సెట్ ఇంట్లో ఉండి సినిమాలతో సరిపెట్టుకున్నవాళ్లయితే, ఈ వీకెండ్ ఐదోది తీసి 23వ చాప్టర్, ఆ తర్వాత 34 నుంచి 37 దాకా చదవండి, నచ్చితే వెనక్కెళ్లి మొత్తం చదవండి. చదివాక నెవిల్‌కి చెప్పి ఉండాల్సిందా లేదా మీరేమంటారో కింద రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.